చిన్న స్ట్రోకే అన్నారు

మొన్న మధ్యాహ్నం క్యాంటీన్లో మా టీం అబ్బాయి ఒకడు, "మా మావయ్యకి మైల్డ్ స్ట్రోక్ అంట బాసూ. చిన్నదేనంట, భయం లేదన్నారు. శనివారం వెళ్ళి చూసొస్తా" అన్నాడు. ఆ రోజు మంగళవారం. నేను కలుపుతున్న అన్నం వదిలేసి "ఎప్పుడొచ్చింది?" అనడిగాను. ఇవాళ పొద్దున్నే అన్నాడు. "అయితే శనివారం దాకా ఆగకు. ఈ రాత్రికే బయల్దేరు" అన్నాను. వాడు నన్ను అదోలా చూశాడు. భోజనాల దగ్గర ఇవేం అపశకునం మాటలు అన్నట్టు పక్కవాళ్ళు కూడా చూశారు.

ఎందుకలా అన్నానో అక్కడ చెప్పలేకపోయాను. అది పప్పు చల్లారిపోయేంత పెద్ద కథ. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. ఇంజనీరింగ్ చదివి గచ్చిబౌలిలో జావా కోడు రాసుకునే బాపతు. ఇది వైద్య సలహా కాదు. నేను చేసిన ఒక తప్పు, లేక తప్పు అని నేననుకుంటున్నది, దాని చుట్టూ నేను తెలుసుకున్న నాలుగు విషయాలు. అంతే.

మాది అమరావతి దగ్గర పల్లెటూరు. అమరావతి అనగానే ఇప్పుడందరూ రాజధాని అనుకుంటారు. మేం అమరావతి అనేది అమరలింగేశ్వరస్వామి గుడి, కృష్ణ ఒడ్డు, పాత స్థూపం ఉన్న ఊరిని. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది పల్నాడు జిల్లాలో కలిసింది గానీ మా నాన్న మాత్రం అడ్రసులో గుంటూరు జిల్లా అనే రాసేవాడు. రాసేవాడు అన్నాను చూశారా, అక్కడే ఉంది అసలు సంగతి.

మా చుట్టుపక్కల అంతా నల్లరేగడి. పత్తి, మిర్చి. ఫిబ్రవరి వచ్చిందంటే ఊరి బయట కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉంటాయి. గాలి వీస్తే చాలు తుమ్ములే తుమ్ములు. 2024 ఫిబ్రవరి చివర్లో నాన్న పది రోజులుగా కల్లం దగ్గరే పడుకుంటున్నాడు. సరుకు యార్డుకి పోయేదాకా కాపలా కాయాలిగా మరి. వారం నుంచీ దగ్గు, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండటం. బీపీ బిళ్ళలు అయిపోయి నాలుగైదు రోజులైంది. గుంటూరు ఎటూ పోతాం కదా, అప్పుడు తెచ్చుకుందాంలే అనుకున్నాడు. ఇవన్నీ మాకు తర్వాత తెలిసినవి.

ఒకరోజు తెల్లారుజామున లేచి టార్చిలైటు అందుకుంటే చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ జారింది. ఇంటికొచ్చి అమ్మతో "చెయ్యి మొద్దుబారినట్టుందే" అన్నాడంట. మాట కాస్త ముద్దగా వస్తోంది. చెయ్యి కిందేసుకుని పడుకునుంటాడు, తిమ్మిరి అనుకుంది అమ్మ. కాఫీ ఇచ్చింది. ఏడింటికి మా ఊరి ఆరెంపీ వచ్చి చూసి బీపీ 190 మీద 110 ఉందన్నాడు. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

నేనేం చెప్పానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బీపీ పెరిగిందమ్మా, బిళ్ళలు ఆపేశాడుగా, అందుకే. ఆరెంపీ దగ్గరుంటే ఒకటి వెయ్యి. గంటలో దిగకపోతే ఇంకోటి వెయ్యి. పడుకోబెట్టు. నేను కాసేపాగి చేస్తా."

తొమ్మిదిన్నరకి నాకొక మీటింగు ఉంది.

పదిన్నరకి మళ్ళీ చేశాను. రెండు బిళ్ళలూ వేశారు. చెయ్యి అలాగే ఉంది. అప్పుడు వెలిగింది నాకు. ముద్దమాట, ఒకపక్క చెయ్యి.. ఇవి స్ట్రోక్ గుర్తులని మా ఆఫీసు లిఫ్టులో పోస్టరు ఉంది. రోజుకి నాలుగుసార్లు చూస్తా దాన్ని. 108కి చెయ్యమంటే, అప్పటికే బాబాయ్ కారు తీశాడంది అమ్మ. గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి పన్నెండు.

గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలని చాలామందికి తెలుసు. నిద్రలో వచ్చిన స్ట్రోక్ కి ఆ గడియారం లేచిన టైం నుంచి మొదలవదు, చివరిసారి మామూలుగా కనపడిన టైం నుంచి మొదలవుతుంది. నాన్న మామూలుగా కనపడింది ముందురోజు రాత్రి పదింటికి. ఎమ్మారై చూసి అలాంటివాళ్ళలో కొందరికి ఇవ్వొచ్చని 2018లో ఒక ట్రయల్లో తేలింది. కానీ నాన్న ఎమ్మారైలో అప్పటికే మచ్చ బాగా తేలిపోయింది, లాభం లేదన్నారు.

ఎడమవైపు మెదడు లోపల, 11 మిల్లీమీటర్ల మచ్చ. చిక్కుడుగింజంత. "చిన్నదేనండీ. చిన్న రక్తనాళం. అదృష్టవంతులు" అన్నారు డాక్టరు గారు. నేను రాత్రి ఎనిమిదింటికి చేరేసరికి నాన్న మంచమ్మీద కూర్చుని, కుడిచెయ్యి పైకెత్తి చూపించి, "పరుగెత్తుకొచ్చావా? నాకేం కాలేదురా అబ్బాయా. కాయలు తడవకుండా పట్టాలు కప్పమని బాబాయ్ కి చెప్పు" అన్నాడు. చెయ్యి కాస్త వణికింది, అంతే. నేను చుట్టాలందరికీ మెసేజి పెట్టాను. మైల్డ్ స్ట్రోక్, ఏం భయం లేదు, రెండ్రోజుల్లో ఇంటికి.

మర్నాడు పొద్దున్నే ఆ చెయ్యి లేవలేదు. మధ్యాహ్నానికి వేళ్ళు కూడా కదల్లేదు. రాత్రికి కాలు కూడా బరువెక్కింది. మళ్ళీ స్కాన్ తీస్తే రక్తస్రావం లేదు, కానీ 11 మిల్లీమీటర్ల మచ్చ 17 అయింది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మీద నేను అరిచిన అరుపు ఆ అంతస్తంతా విన్నది. నా వయసే ఉంటుంది ఆ అమ్మాయికి. "నడుచుకుంటూ వచ్చిన మనిషిని పడేశారు. నిన్న రాత్రి ఏం ఇంజక్షన్ ఇచ్చారు మీరు?" అన్నాను. ఆవిడ ఏదో చెప్పబోయింది. విన్లేదు నేను. బాబాయ్ అయితే ఈ ఆసుపత్రి మీద కేసు పెడదామన్నాడు. విజయవాడ మార్చేద్దామన్నాడు పెదనాన్న. పక్షవాతానికి పసరుమందు ఇచ్చేచోటికి తీసుకుపోదామంది మేనత్త. తలా ఒక దారి. నేను మాత్రం వరండాలో కూర్చుని ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. మనకి తెలిసిన విద్య అదొక్కటేగా, సర్వర్ పడిపోతే లాగులు చదవటం.

చదివింది నాకర్థమైన భాషలో చెప్తా.

మెదడులో పెద్ద రక్తనాళాల నుంచి వెంట్రుకల్లాంటి సన్న నాళాలు నేరుగా లోపలికి దిగుతాయి. మా వైపు వాళ్ళకైతే సాగర్ కుడికాలువ గుర్తుచేస్తే చాలు. పెద్దకాలువ గట్టు నుంచే ఒక చిన్న తూము పెట్టి ఒక్క పొలానికి నీళ్ళు ఇచ్చారనుకోండి. ఆ తూము పూడిపోతే ఆ పొలానికి ఇంకో దారి లేదు. ఏళ్ళ తరబడి బీపీ, షుగరు ఉంటే ఈ తూముల గోడలు మందమెక్కి పూడిపోతాయి. అప్పుడు ఎండిపోయే ముక్కని లాక్యూన్ అంటారు, చిన్న గుంట అని అర్థం. 1960లలో అమెరికాలో మిల్లర్ ఫిషర్ అనే న్యూరాలజిస్టు వీటి లక్షణాలన్నీ విడమరిచి చెప్పాడు. ఇస్కీమిక్ స్ట్రోకుల్లో, అంటే రక్తం అందక వచ్చేవాటిలో, సుమారు నాలుగోవంతు ఇలాంటివేనంటారు. హైదరాబాద్ నిమ్స్ లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం 2002లో ప్రచురించిన లెక్కలోనూ ఇవి ఐదోవంతుకి దగ్గరగా ఉన్నాయి.

మచ్చ చిన్నదే. కానీ ఉన్నచోటు చూడాలి. చెయ్యీ, కాలూ, మొహమూ కదిపే తీగలన్నీ ఇంటర్నల్ కాప్సూల్ అనే సందులోంచి కట్టగా కిందికి దిగుతాయి. మన భాషలో చెప్పాలంటే డేటా సెంటర్ నుంచి బయటికొచ్చే ఫైబర్ కేబుల్. మొత్తం డేటా సెంటర్ తగలబడక్కర్లేదు, కేబుల్ ఉన్నచోట గునపం దిగితే చాలు. అక్కడ 11 మిల్లీమీటర్లకీ 17 మిల్లీమీటర్లకీ ఉన్న తేడా చెయ్యి వణకటానికీ చెయ్యి లేకపోవటానికీ ఉన్న తేడా.

ఇక అసలు విషయం. ఈ చిన్న స్ట్రోకులు వచ్చినవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరు మొదటి రెండు మూడు రోజుల్లో, ఆసుపత్రి మంచమ్మీదే, మందులు నడుస్తుండగానే దిగజారతారు. ఇది ఎవరో ఇచ్చిన ఇంజక్షన్ వల్ల కాదు, ఈ జబ్బు నడకే అంత. చదివాక ఫోన్ పక్కనపెట్టి చాలాసేపు కూర్చున్నా. నలుగురిలో ఒకరంటే మామూలు విషయమా? మరి మాకెవరూ ఎందుకు చెప్పలేదు?

ఎందుకు దిగజారతారు అంటే ఒక్క సమాధానం లేదు. తూము మూతి దగ్గర పెద్దకాలువ గోడకే కొవ్వు పేరుకుని, దానిమీద గడ్డ మెల్లగా పెరుగుతూ పోవచ్చు. అమెరికా న్యూరాలజిస్టు లూయిస్ కాప్లన్ 1989లో దీనిగురించి రాశాడు. రెండోది, అంచున కొనప్రాణంతో ఉన్న కణాలకి అందే కాస్త రక్తమూ తగ్గిపోవటం. మూడోది ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు. దెబ్బ తగిలినచోట ఎర్రగా కందుతుందే, అదే మెదడు లోపల. చచ్చిపోతున్న కణాలు కేక వేస్తాయి, రక్షణ కణాలు పరిగెత్తుకొస్తాయి, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడ కారుతుంది, కాపాడటానికొచ్చినవాళ్ళే పక్కింటిని కూడా కూల్చేస్తారు. 2002లో స్పెయిన్ డాక్టర్లు వందమందికి పైగా లాక్యునార్ స్ట్రోక్ పేషెంట్ల రక్తం చూశారు. దిగజారినవాళ్ళలో ఇంటర్‌ల్యూకిన్ 6, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే వాపు సంకేతాలు మొదట్నుంచే ఎక్కువగా ఉన్నాయి. తర్వాత సీఆర్‌పీ గురించీ, తెల్లకణాల నిష్పత్తి గురించీ ఇంకా చాలామంది రాశారు.

ఇది చదవగానే నాలోని ఇంజనీరు లేచాడు. నాన్న ఫైలు తీసి చూస్తే సీఆర్‌పీ ఎక్కువే ఉంది. దొరికింది బగ్గు! పొద్దున్నే పెద్ద డాక్టరు గారు రౌండ్స్ కి రాగానే, "సార్, సీఆర్‌పీ ఎక్కువుంది, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు ఎందుకివ్వట్లేదు?" అనడిగాను. ఆయన విసుక్కోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ నాన్నగారికి వారంగా దగ్గు, జ్వరం అన్నారుగా? దానికీ పెరుగుతుంది సీఆర్‌పీ. జ్వరం వచ్చిన వారంలో స్ట్రోక్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. స్ట్రోక్ వచ్చాకా పెరుగుతుంది. ఇప్పుడీ నంబరు నిప్పో పొగో మీరు చెప్పండి" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అలారం మోగితే అలారం వైరు పీకెయ్యటం సొల్యూషన్ కాదని మేమే కదా జూనియర్లకి చెప్పేది.

ఆయన అన్నది ఎంత నిజమో ఆ ఏడాదిలోనే తెలిసింది. చైనాలో చాన్స్ 3 అని పెద్ద ట్రయల్ చేశారు. చిన్న, మధ్యరకం స్ట్రోక్ వచ్చి సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్ళనే ఏరి, 8343 మందిని తీసుకుని, సగంమందికి వాపు తగ్గించే కోల్చిసిన్ ఇచ్చారు. మూడు నెలల్లో మళ్ళీ స్ట్రోక్ వచ్చినవాళ్ళు మందు వేసుకున్నవాళ్ళలో 6.3 శాతం, వేసుకోనివాళ్ళలో 6.5 శాతం. అంటే తేడా లేనట్టే. 2024లో వచ్చింది ఈ ఫలితం. వాపుకి సంబంధం లేదని కాదు దీనర్థం. ఏ మందు, ఎవరికి, ఏ గంటలో అన్నది ఇంకా చేతికి రాలేదని. అదే ఏడాది టైరోఫిబాన్ అనే రక్తం గడ్డకట్టనివ్వని మందుతో మొదటి మూడు రోజుల్లో దిగజారేవాళ్ళు తగ్గారని ఇంకో చైనా ట్రయల్ చెప్పింది. అది నాలుగొందల పైచిలుకు మందితో చేసిన చిన్న ట్రయల్. ఆశ ఉంది, అంతవరకే.

సరే, ఇప్పుడు ఇన్నాళ్ళూ దాచుకున్నది చెప్తా.

ఆ డాక్టరు గారు లేస్తూ, "ఇంట్లో బీపీ బిళ్ళలేమన్నా వేశారా?" అనడిగాడు. వేశాం, రెండు అంది అమ్మ. ఎవరు చెప్పారో చెప్పలేదు. ఆయన తలూపి, "స్ట్రోక్ వచ్చిన మొదటిరోజు మేం బీపీని అంత తొందరగా దించం. గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇవ్వనివాళ్ళకి 220 మీద 120 దాటితే తప్ప సామాన్యంగా ముట్టుకోం. నీళ్ళు తక్కువున్న కాలువలో ఒత్తిడి కూడా తగ్గిస్తే చివరి పొలానికి అందదు కదా" అన్నాడు.

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

తర్వాత ఒంటరిగా వెళ్ళి అడిగాను. సార్, ఆ బిళ్ళలు చెప్పింది నేనే, వాటివల్లే ఇలా అయిందా అని. "ఆ బిళ్ళలు నెమ్మదిగా పనిచేసేవి. వాటివల్లే అని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. వెయ్యకపోయినా నలుగురిలో ఒకరికి ఇలాగే అవుతుంది" అన్నాడు. ఇంతకంటే నిజాయితీ అయిన జవాబు ఉండదు. ఇంతకంటే నిద్ర పట్టనివ్వని జవాబూ ఉండదు.

ఆ రాత్రి నేను ఆ అమ్మాయిని ఏం ఇంజక్షన్ ఇచ్చారని ఎందుకంత గట్టిగా అడిగానో నాకిప్పుడు తెలుసు. నేనేం ఇచ్చానో ఎవరూ నన్నడక్కుండా.

మూడోరోజుకి నాన్న నిలకడపడ్డాడు. పన్నెండో రోజుకి ఇంటికి తెచ్చాం. మూడు వారాల తర్వాత రివ్యూకి వెళ్ళినప్పుడు ఆ డాక్టరమ్మ కారిడార్లో కనిపిస్తే ఆగి సారీ చెప్పాను. "ఏ బెడ్డండీ?" అంది. చెప్పాను. గుర్తురాలేదు. "పర్లేదండీ, రోజుకి ఇద్దరన్నా అరుస్తారు" అని నవ్వి వెళ్ళిపోయింది. నేను నెలపాటు మోసిన బరువు ఆవిడకి రోజువారీ లెక్క. అది ఇంకా సిగ్గనిపించింది.

పల్లెటూళ్ళలో కష్టపడి పనిచేసేవాళ్ళకి ఇవి రావని మనకొక నమ్మకం. నాకూ ఉండేది. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, లక్షా ఎనభై వేల జనాభాలో ఎవరు దేనివల్ల పోయారో లెక్క తీస్తే, దాదాపు మూడోవంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఇక ఉప్పు. మన ఆంధ్రావాళ్ళు రోజుకి సుమారు 9 గ్రాములు తింటున్నారని ఒక సర్వేలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 లోపు. ఆవకాయ, ఊరమిరపకాయలు లేకుండా నాన్నకి ముద్ద దిగదు. ఇప్పుడు దిగుతోంది, పాపం.

మా టీం అబ్బాయికి క్యాంటీన్లో చెప్పలేనివి ఇవే. ముద్దమాట, చెయ్యి జారటం కనిపిస్తే బీపీ మిషను కోసం వెతక్కండి. 108కి చెయ్యండి, అది మనకి 2005 నుంచీ ఉంది. ఫోన్లో కొడుకు చెప్పాడని ఏ బిళ్ళా వెయ్యకండి. మింగగలడో లేదో డాక్టరు చూసేదాకా కాఫీ కూడా పట్టకండి. చిన్నదే అన్నారంటే సంతోషమే, కానీ మొదటి మూడు రోజులు అయ్యేదాకా చుట్టాలకి మెసేజి పెట్టకండి. పక్కన ఒకరుండి, గంట గంటకీ చెయ్యెత్తమనండి, మాట్లాడించండి. తేడా కనపడిన నిమిషానే నర్సుని పిలవండి. "ఇది పెరిగే అవకాశం ఉందా?" అని మొదటిరోజే డాక్టర్ని అడగండి. ముందే తెలిసుంటే నాన్న చెయ్యి దక్కేదని నేననను. ఆ రాత్రి నేను ఒక మనిషిలా ఉండేవాణ్ణి, అదొక్కటీ చెప్పగలను.

నాన్నకి ఈ సంగతి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. పోయిన సంక్రాంతికి అరుగు మీద కూర్చుని ఉంటే చెప్పేశాను. ఆ బిళ్ళలు నేనే వెయ్యమన్నాను నాన్నా, మీటింగ్ ఉండి సరిగ్గా ఆలోచించలేదు అని. ఆయన కాసేపు రోడ్డు కేసి చూశాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు, కాలు కాస్త ఈడుస్తాడు. కుడిచెయ్యి మాత్రం సగమే వచ్చింది.

"నువ్వు చెప్పకపోతే మీ అమ్మ ఏసేది లేరా" అన్నాడు. ఇంకాసేపాగి, "అవి ముందే రోజూ ఏసుకునుంటే మీరిద్దరూ ఏసే పనే ఉండేది కాదుగా" అన్నాడు.

మొన్న బ్యాంకులో పంటరుణం కాగితాల మీద సంతకం కావాల్సొచ్చింది. వేలిముద్ర వెయ్యమన్నారు. నాన్న ఒప్పుకోలేదు. ఎడమచేత్తో పది నిమిషాలు పట్టి రాశాడు, రెండో తరగతి పిల్లాడి రాతలా. పాత సంతకంతో కలవట్లేదన్నాడు క్లర్కు. మళ్ళీ ఫారాలు నింపి కొత్త సంతకం రిజిస్టర్ చేయించుకుని వచ్చాం. అడ్రసు మాత్రం నన్నే రాయమన్నాడు. పల్నాడు జిల్లా అని రాస్తుంటే ఊరుకోలేదు, పక్కన గుంటూరు అని కూడా రాయించాడు.

మా టీం అబ్బాయి ఆ మంగళవారం రాత్రికే బస్సెక్కాడట. వాళ్ళ మావయ్యకి ఏమీ పెరగలేదు, నలుగురిలో ముగ్గురి లెక్కలో పడ్డాడు. "అనవసరంగా భయపెట్టావు బాసూ" అన్నాడు తిరిగొచ్చాక. పోన్లే, ఆ మాట పడటం నాకు సంతోషంగానే ఉంది.